కనెక్టికట్ ఎలుక మోసే లైమ్‌ను గుంటూరు పందికొక్కు ఎందుకు మోయదు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి వాళ్ళు అమెరికాలోని కనెక్టికట్‌లో అడవి అంచున ఇల్లు తీసుకున్నారు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బుకు మూలం ఎలుకలని, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని మనవడి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. దాంతో మీకు రెండు సందేహాలు. అక్కడ ఎలుకల మందు పెడితే ఆ పీడ వదులుతుందా? ఇక్కడ బ్రాడీపేటలో మీ పెరడంతా గుల్ల చేస్తున్న పందికొక్కుల వల్ల మీకూ ఆ జబ్బు రావచ్చా?

రెండింటికీ నా జవాబు ‘లేదు’ అనే. అయితే ఒక ‘లేదు’కు ఉన్న కారణం ఇంకోదానికి లేదు. నేను వైద్యుణ్ణి కాను. కృష్ణా డెల్టా పొలాల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఎలుకల వెంట తిరిగి, బొరియలు తవ్వించి, లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఎలుక వైపు నుంచి చెబుతాను. మందుల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు.

ముందు ‘రిజర్వాయర్’ అనే మాట దగ్గర ఆగాలి. జబ్బుల శాస్త్రంలో ఈ మాటను వాడినంత విచ్చలవిడిగా ఇంకో మాటను వాడరు. ఏ జంతువు రక్తంలో క్రిమి కనిపించినా దానికి రిజర్వాయర్ అని పేరు పెట్టేస్తారు. మన జిల్లాలో పుట్టినవాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. పులిచింతలలో 45 టీఎంసీలకు పైగా నీళ్ళు నిలుస్తాయి. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలే. నీటిని కాలువల్లోకి మళ్ళించడం దాని పని. ఆ కాలువ పట్టుకుని పోతే ఎక్కడో రేపల్లె వైపు చివరి చేను వస్తుంది. అక్కడికి చేరిన నీరు ఇంకో చేనుకు పారదు. లైమ్ కథలో ఎలుక పులిచింతల, పిడుదు కాలువ, మనిషి ఆ చివరి చేను. మనిషి ఒంట్లోకి దిగిన క్రిమికి దారి అక్కడితో మూసుకుపోతుంది. మీ మనవడికి వచ్చినా అతని నుంచి ఎవరికీ అంటదు.

ఈ జబ్బు వెలుగులోకి వచ్చిన ఊరు మీ అబ్బాయి ఉన్న రాష్ట్రంలోనిదే. 1975లో ఓల్డ్ లైమ్ అనే చిన్న ఊళ్ళో పిల్లలకు వరసగా మోకాళ్ళు వాచాయి. పిల్లల్లో అరుదుగా వచ్చే కీళ్ళవాతం ఒకే వీధిలో ఇంతమందికి ఎలా వస్తుందని పాలీ మర్రే అనే తల్లి, మరో తల్లి పట్టు వదలకుండా అడిగారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆలెన్ స్టీర్ అనే వైద్యుడు వచ్చి పరిశీలించి, ఇది పిడుదుల ద్వారా వస్తున్నట్టుందని తేల్చాడు. అసలు క్రిమి దొరికింది ఇంకొన్నేళ్ళకు. మోంటానాలో పిడుదుల మీద పనిచేసే విల్లీ బర్గ్‌డార్ఫర్ వేరే జ్వరం కోసం వెతుకుతూ పిడుదు పేగులో మరమేకులా మెలి తిరిగిన బ్యాక్టీరియాను చూశాడు. 1982లో ఆ సంగతి అచ్చయింది. తరువాత ఆయన పేరే దానికి పెట్టారు: బొరీలియా బర్గ్‌డార్ఫెరి.

మరి దాన్ని ఎలుక నిలవ ఉంచుతోందని ఎలా రుజువు చేశారు? నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. అడవి ఎలుకను పట్టి రక్తం పరీక్షిస్తే క్రిమి ఉందో లేదో తెలుస్తుంది, అంతే. ఆ ఎలుక దాన్ని ఇంకో పిడుదుకు ఎక్కిస్తుందో లేదో తెలియదు. అందుకని ప్రయోగశాలలో పుట్టి, ఇంకా రక్తం రుచి చూడని పిడుదు పిల్లల్ని ఆ ఎలుక మీద వదిలారు. అవి కడుపునిండా తాగి రాలిపోయాక వాటి పేగుల్లో చూశారు. క్రిమి ఉంటే ఆ ఎలుక నిజమైన రిజర్వాయర్. 1980లలో హార్వర్డ్‌కు చెందిన ఆండ్రూ స్పీల్‌మన్ బృందం ఇలాంటి పనితోనే తెల్లపాదాల ఎలుకను పట్టిచ్చింది. ఇరవై గ్రాముల ప్రాణి అది, మన చిట్టెలుకకు కాస్త పెద్దన్న లాంటిది. క్రిమి ఒంట్లో చేరితే దానికి చెప్పుకోదగ్గ బాధ ఏమీ ఉండదు. బతికినన్నాళ్ళూ క్రిమిని మోస్తూ, తనను కుట్టిన పిడుదులకల్లా పంచుతుంది. జబ్బుపడి మూలకు చేరే జంతువు మంచి రిజర్వాయర్ కాలేదు. తిని తిరిగేదే కాగలదు. చిప్‌మంక్ అనే ఉడుత, అక్కడి చుంచులు కూడా ఈ పనిలో పాలు పంచుకుంటాయి.

ఇక పిడుదు. మనవైపు కొందరు గోమారి అంటారు. అమెరికా తూర్పు అడవుల్లోని ఈ పిడుదు రెండేళ్ళు బతికి, మూడే మూడుసార్లు భోజనం చేస్తుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికి ఆరు కాళ్ళు. ఒంట్లో లైమ్ క్రిమి ఉండదు. తల్లి నుంచి పిల్లకు ఈ క్రిమి దిగదు, ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది. వేసవి చివర ఆ పిల్ల మొదటిసారి రక్తం తాగుతుంది, ఎక్కువగా ఎలుక మీదే. చలికాలం పడుకుని లేచి మరుసటి ఏడు మే, జూన్ నెలల్లో ఎనిమిది కాళ్ళతో రెండో భోజనానికి వెతుకుతుంది. ఈ దశను నింఫ్ అంటారు, గసగసాల గింజంత ఉంటుంది. మనిషికి ప్రమాదం ఎక్కువగా దీనితోనే, ఎందుకంటే కుట్టినట్టే తెలియదు. మూడో భోజనం నువ్వుగింజంత పెద్దదయ్యాక, చలి మొదలయ్యే వేళకు, జింక లాంటి పెద్ద జంతువు మీద.

ఈ నెలల వరస ఊరికే చెప్పలేదు. కొత్తగా పుట్టే పిల్లలకన్నా ముందు, వేసవి మొదట్లోనే, నిరుడు క్రిమి ఎక్కించుకున్న నింఫ్‌లు ఎలుకల్ని కుడతాయి. ఆ ఏడాది పుట్టిన కుర్ర ఎలుకలకు అలా క్రిమి చేరుతుంది. రెండు నెలలు గడిచేసరికి శుభ్రమైన పిడుదు పిల్లలు వచ్చి అవే ఎలుకల మీద తాగుతాయి. అంటే ముందు బ్యాచి వచ్చి జలాశయం నింపిపోతుంది, వెనక బ్యాచి వచ్చి అందులోంచి తోడుకుంటుంది. వరస తిరగబడి ఉంటే ఈ జబ్బు ఇంతగా పాకేది కాదు.

జింక సంగతి కూడా చెప్పాలి, చాలామంది అక్కడే పొరబడతారు. ఈ పిడుదును అక్కడ జింక పిడుదు అనే పిలుస్తారు కాబట్టి క్రిమి కూడా జింకదే అనుకుంటారు. జింక రక్తం ఈ క్రిమిని చంపేస్తుంది. క్రిమి విషయంలో జింక ఎండు చెరువు. కానీ పెద్ద పిడుదులకు కడుపునిండా తిండి పెట్టి, వేల గుడ్లు పెట్టించేది అదే. నీళ్ళు ఇవ్వదు గానీ కాలువలు తవ్విస్తుంది.

మీ రెండో ప్రశ్నకు ఇక్కడి నుంచే దారి. అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రపు తీరానికి దూరంగా మోన్‌హెగన్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ తెల్లపాదాల ఎలుకలు లేవు. ఉన్నవి మామూలు ఊరి ఎలుకలు, ఓడల్లో వచ్చిన రకం. లైమ్ మాత్రం అక్కడ బ్రహ్మాండంగా ఉండేది. చూస్తే ఆ ఊరి ఎలుకలే క్రిమిని నిలవ ఉంచుతున్నాయి! జర్మనీలో పట్టణ పార్కుల ఎలుకల్లోనూ ఇదే కనబడింది. కాబట్టి ‘మన ఎలుకలు వేరు, వాటికి ఈ క్రిమి పట్టదు’ అనే ధైర్యం పనికిరాదు. 1996 నుంచి 1999 లోపల ఆ దీవిలో జింకలన్నిటినీ తీసేశారు. ఎలుకలు అలాగే ఉన్నాయి. అయినా ఆ తరువాతి ఏళ్ళలో పిడుదులు పడిపోయాయి. నిండుగా జలాశయం ఉండి, కాలువ పూడిపోయిన కథ అది.

గుంటూరులో మనకు ఆ కాలువే లేదు. లైమ్‌ను మోసేవి ఇక్సోడెస్ అనే ప్రజాతిలోని కొన్ని పిడుదులే. అవి చల్లటి అడవుల్లో, ఆకుల పరుపు కింద, తడి ఆరని చోట బతుకుతాయి. మన మే నెల ఎండకు ఒక్క పూట ఆగలేవు. మన దేశంలో లైమ్ ఊసే లేదని అనను; హిమాలయ ప్రాంతాల నుంచీ, ఈశాన్యం నుంచీ, పడమటి కనుమల అడవి అంచుల నుంచీ అడపాదడపా నివేదికలు వచ్చాయి. డెల్టాలో మీకు కనబడే పిడుదులు వేరు. గేదె పొదుగు దగ్గర గుత్తులుగా వేలాడేది పుట్టి పెరిగి పెద్దయ్యేదాకా ఒకే పశువు మీద ఉంటుంది, ఎలుక దగ్గర తాగి మనిషి దగ్గరికి రావడమన్నది దాని బతుకులోనే లేదు. కుక్క పిడుదు మూడు పూటలా దిగి మళ్ళీ ఎక్కుతుంది గానీ, వీలైనంతవరకు మూడుసార్లూ కుక్కనే వెతుక్కుంటుంది. ఎలుక నుంచి మనిషికి కాలువ తవ్వే పిడుదు మన ఊళ్ళో లేదు కాబట్టి మీ పెరట్లోని పందికొక్కు వల్ల మీకు లైమ్ రాదు.

అలాగని పందికొక్కుకు మంచి నడవడిక పత్రం రాసివ్వడం లేదు. మీరు భయపడాల్సినవి వేరే రెండు ఉన్నాయి, ఒకటి నేను స్వయంగా అనుభవించాను.

పొన్నూరు దగ్గర వరి కోసిన చేలో మినుము లేచింది. డిసెంబరు. బొరియలు లెక్కపెట్టడానికి మూడు రోజులు గట్ల మీద కూర్చున్నాం. బొరియలు తవ్వడంలో మాకు గురువులు యానాదులే. మట్టి పోసిన తీరు చూసి లోపల పందికొక్కు ఉందా, పిల్లలున్నాయా, ధాన్యం ఎంత దాచిందో చెప్పేవారు, తవ్వితే అంతే ఉండేది. పది రోజుల తరువాత నాకు జ్వరం పట్టుకుంది. తల బద్దలయ్యేంత నొప్పి. ఒక ఆసుపత్రిలో టైఫాయిడ్ అని ఆరు రోజులు ఇంజెక్షన్లు పొడిచారు, డిగ్రీ జ్వరం దిగలేదు. చివరికి ఒక కుర్ర డాక్టరు చొక్కా, ప్యాంటు విప్పించి ఒళ్ళంతా వెతికాడు. మొలతాడు కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు. నొప్పీ లేదు, దురదా లేదు, అక్కడ ఉందని నాకే తెలియదు. స్క్రబ్ టైఫస్ అన్నాడు. డాక్సీసైక్లిన్ వేసిన రెండో రోజుకు లేచి ఇడ్లీ తిన్నాను.

దీన్ని మోసేది పిడుదు కాదు. మైట్ జాతికి చెందిన (మంచాల్లో ఉండే నల్లి కాదు), కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగు పిల్ల. గడ్డి, తుప్పలు, గట్ల మీద ఉంటుంది. మామూలుగా ఎలుక చెవిలో గుంపులుగా అతుక్కుంటుంది, మనిషి కూర్చుంటే మనిషికి. అయితే ఇక్కడ ఎలుక పాత్ర లైమ్‌లో ఉన్నట్టు లేదు. లైమ్ పిడుదు పిల్ల శుభ్రంగా పుడుతుందని పైన చెప్పాను కదా, ఈ పురుగు పిల్ల తల్లి కడుపులోంచే క్రిమితో పుడుతుంది. అంటే జలాశయమూ, కాలువా రెండూ ఆ పురుగే. ఎలుక దానికి తిండి పెట్టి పెంచే జంతువు. కనెక్టికట్ జింక చేసే పనిని పొన్నూరులో పందికొక్కు చేస్తోంది. ఈ తేడా నాకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు, తెలిశాక ఎలుకల గురించి నేను అంతకుముందు ఇచ్చిన ఉపన్యాసాలు తలచుకుని సిగ్గుపడ్డాను.

రెండోది లెప్టోస్పైరోసిస్. దీనికి కాలువే అక్కర్లేదు. క్రిమి ఎలుక మూత్రపిండాల్లో కాపురం పెట్టి, మూత్రంతో నేరుగా నీళ్ళలోకి, బురదలోకి వస్తుంది. కాలికి చిన్న గాయం ఉండి ఆ బురదలో నడిస్తే చాలు. నాట్లు వేసే కూలీలకు, మురుగు కాలువల్లో దిగేవాళ్ళకు వచ్చేది ఇదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనంతో పాటు ఎలుకలూ మెట్లెక్కాయి. ఆ నీళ్ళలో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళను జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయవద్దని నాకు తెలిసిన ప్రతివాళ్ళకూ ఫోను చేసి చెప్పాను. అప్పుడు ఎవరూ లైమ్ గురించి అడగలేదు, అదే సరైన భయం.

ఇప్పుడు మీ అబ్బాయి ఎలుకల మందు సంగతి. వద్దని చెప్పండి. అడవి అంచున ఇల్లు అంటే వెనక ఎన్ని ఎకరాల అడవి ఉందో! పెరట్లో పది ఎలుకలు చస్తే వారంలో ఇంకో పది వచ్చి అదే కన్నంలో చేరతాయి. పైగా ఎలుక చచ్చినంత మాత్రాన పిడుదు చావదు, ఆకలితో ఇంకో ఒంటి కోసం ఎదురుచూస్తుంది. ప్లేగు రోజుల నుంచీ ఇదే పాఠం: ఎలుక మీది మిన్నల్లులను (ఫ్లీ పురుగుల్ని) చంపకుండా ఎలుకను చంపకు. మందు తిన్న ఎలుకను గుడ్లగూబో నక్కో తింటే అది చస్తుంది, మిగిలిన ఎలుకలకు పండగ. అక్కడి పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. ఓక్ చెట్లు కొన్నేళ్ళకోసారి విరగకాస్తాయి. ఆ కాయలు తిని మరుసటి వేసవికి ఎలుకలు పెరుగుతాయి. ఆ పై వేసవికి క్రిమి ఉన్న నింఫ్‌లు పెరుగుతాయి. కాయ రాలిన రెండేళ్ళకు జబ్బు. మన డెల్టాలోనూ వరి పొట్టకు వచ్చే వేళ చూసి పందికొక్కులు పిల్లల్ని పెడతాయి. ఎలుకల లెక్క ఎక్కడైనా తిండి వెనకే నడుస్తుంది, మందు వెనక కాదు.

పనికొచ్చే ఉపాయం ఒకటుంది, గుంటూరువాణ్ణి కాబట్టి నాకు ముచ్చటగా ఉంటుంది. అట్టగొట్టాల్లో పురుగుమందు పట్టించిన పత్తి పెట్టి పెరటి అంచుల్లో వదులుతారు. ఎలుక ఆ పత్తిని గూటికి పట్టుకుపోయి పరుపు చేసుకుంటుంది. ఎలుక క్షేమం, దాని మీది పిడుదులు చస్తాయి. అన్నిచోట్లా ఒకేలా పనిచేయలేదు గానీ, ఆలోచన మాత్రం సరైన చోట పడింది: జలాశయాన్ని పగలగొట్టకుండా తూము మూయడం.

మనవడి విషయంలో రోజూ చేయాల్సింది చాలా మామూలు పని. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా వేళ్ళతో తడిమి చూడాలి. మోకాలి వెనక, గజ్జల్లో, చంకలో, చెవి వెనక, జుట్టు మొదళ్ళలో. పిడుదు కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కుక్కకు చేసినట్టు కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, సున్నం రాయడం ఏదీ వద్దు. కుట్టిన మరుక్షణం క్రిమి ఎక్కదు. అది పిడుదు పేగులో పడుకుని ఉంటుంది. రక్తం వచ్చాక మేలుకుని, పైచొక్కా మార్చుకుని, లాలాజల గ్రంథుల్లోకి నడిచి రావాలి. అందుకు సాధారణంగా ఒక రోజుకు మించి పడుతుంది. అందుకే ప్రతి సాయంత్రం వెతికే ఇంట్లో ప్రమాదం చాలా తక్కువ.

కుట్టిన 3 నుంచి 30 రోజుల లోపల అక్కడ మచ్చ లేచి రోజురోజుకూ వెడల్పయితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పుస్తకాల్లో ఎర్రటి వలయం, మధ్యలో తెలుపు, విల్లు గురిలాంటి బొమ్మ వేస్తారు. అది తెల్లవాళ్ళ చర్మం మీద తీసిన ఫోటో. మన రంగు చర్మం మీద అది కమిలినట్టు, ఊదాగానో గోధుమగానో కనబడవచ్చు, వలయం అసలు లేకపోవచ్చు. మీ కోడలికి ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి. మొదటి వారాల్లో రక్తపరీక్షలో ఏమీ తేలకపోవచ్చు, మచ్చ చూసే వైద్యం మొదలుపెడతారు. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తో రెండు మూడు వారాల్లో తగ్గే జబ్బు. వేసవి సెలవులకు వాళ్ళు గుంటూరు వచ్చినప్పుడు పిల్లవాడికి జ్వరమో, మోకాలి వాపో, మూతి ఒకవైపు వంకరపోవడమో కనబడితే ఇక్కడి డాక్టరుకు కనెక్టికట్ పేరు మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు లైమ్ తట్టే అవకాశం లేదు, అది ఆయన తప్పూ కాదు.

మీ పందికొక్కుల మాట మిగిలింది. సాయంత్రం పెరట్లోని కన్నాలన్నీ మట్టితో మూయించండి. పొద్దున్నే ఏవి మళ్ళీ తెరుచుకున్నాయో వాటిలోనే పందికొక్కు ఉన్నట్టు, మిగతావి పాతవి. తెరుచుకున్న కన్నం ముందు బోను పెట్టి, ఎరగా కాల్చిన ఎండుచేప ముక్క గుచ్చండి. పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు ముట్టుకోవద్దు. చచ్చినదాన్ని చేత్తో ఎత్తకుండా పారతో తీసి లోతుగా పూడ్పించండి. ఆ మట్టిలో పనిచేసే మనిషికి ఒక జత రబ్బరు బూట్లు కొనిపెట్టండి, మూడు నాలుగు వందలు అవుతాయి.